తిథి నుంచి వారానికి: బెజవాడ రాత్రి వినోదాల చరిత్ర

శుక్రవారం కొత్త సినిమా, శనివారం కళాక్షేత్రంలో నాటిక, ఆదివారం సాయంత్రం సంగీత సభ అంటూ నగరవాసి తన వారాన్ని వినోదాలతో లెక్కపెట్టుకోవడం ఇప్పుడు ఎంత సహజంగా కనిపించినా, తెలుగు నేలపై ఈ అలవాటుకు నూట యాభై ఏళ్లకు మించిన వయస్సు లేదు. అంతకు పూర్వం రాత్రి వినోదానికి వారంతో పని లేదు. తిథితోనూ, నక్షత్రంతోనూ, పంట చేతికొచ్చే కాలంతోనూ మాత్రమే దానికి పని ఉండేది. పంచాంగం చేతిలో ఉన్న ఈ రాత్రి ఏడు రోజుల వారం చేతిలోకి ఎలా వచ్చిందో, వచ్చిన తరువాత కూడా పంచాంగం దాన్ని ఎంతవరకు వదిలిపెట్టిందో తెలుసుకోవడానికి బెజవాడ అనే విజయవాడను మించిన ఊరు కోస్తాంధ్రలో మరొకటి లేదు. ఆ నగరం రైలు కూడలిగా ఎదిగి, నాటక సమాజాలకు మజిలీగా మారి, ఆ తరువాత తెలుగు సినిమా పంపిణీ వ్యాపారానికి కేంద్రమైంది.

పాత కాలపు రాత్రిని తలచుకునేటప్పుడు ముందుగా గుర్తుంచుకోవలసింది వెలుతురు సంగతి. వీధి దీపాలు లేని ఊళ్లలో, పొలాల గట్ల మీదుగా బండ్లలోనూ కాలినడకనూ వచ్చి, తెల్లవారుజామున తిరిగి వెళ్లవలసిన ప్రేక్షకులకు వెన్నెల అవసరమే గాని అలంకారం కాదు. అందుచేత వీధి నాటకాలూ, యక్షగానాలూ, తోలుబొమ్మలాటలూ ఎక్కువగా శుక్లపక్షపు రాత్రులనూ, నూర్పిళ్లు ముగిసి గాదెలు నిండిన మాఘం నుంచి వైశాఖం వరకు ఉండే వేసవి ముఖాన్నీ ఎంచుకున్నాయి. శివరాత్రి జాగారం, శ్రీరామనవమి పందిళ్లు, దసరా తొమ్మిది రాత్రులు, గ్రామదేవతల జాతరలు ఆ ఏడాది రాత్రులకు స్తంభాల వంటివి. కళాకారులకు ముట్టేది ప్రధానంగా ధాన్యం, బట్టలు, ఈనాములు కాబట్టి పంటకూ ఆటకూ ముడి తెగేది కాదు.

కృష్ణా జిల్లాలోని కూచిపూడి భాగవతులు ఊరూరా తిరిగి ప్రదర్శించిన భామాకలాపం ఆ రాత్రి స్వభావాన్ని బాగా చూపుతుంది. ప్రదర్శన పొద్దుగుంకిన చాలాసేపటికి మొదలై తెల్లవారేదాకా సాగేది. ఆముదపు దీపాలూ కాగడాలూ తప్ప వేరే వెలుగు ఉండేది కాదు. ముఖ్యపాత్ర తెర వెనుక నుంచి ప్రవేశించే వేళకు కాగడా పట్టుకున్నవాడు గుప్పెడు గుగ్గిలం పొడి మంటపై చల్లితే ఒక్కసారిగా భగ్గుమని లేచే వెలుగులో సత్యభామ జడ మొదట కనిపించేది. రంగస్థల దీప ప్రసారం అనే శాస్త్రానికి తెలుగునాట తొలి పాఠం ఆ గుగ్గిలం పొడే అనడంలో అతిశయోక్తి లేదు. ఇక్కడ గమనించవలసింది మరొకటుంది: ప్రేక్షకుడు ఏమీ చెల్లించడు. ఆట పెట్టించేది దేవాలయమో, భూస్వామో, ఊరి పెద్దలో. ఆట ఎప్పుడు పెట్టించాలో నిర్ణయించేదీ వాళ్లే.

ఈ ఊరుమ్మడి రాత్రికి పక్కనే సంపన్నుల ఇళ్లలో మరొక రాత్రి ఉండేది. పెళ్లిళ్లలో, విందుల్లో కళావంతుల స్త్రీలు గాయకులతో, మద్దెలతో వచ్చి ఆడి పాడే కచేరీని మేజువాణి అనేవారు. ఆ స్త్రీలు తరతరాలుగా సంగీత సాహిత్యాల్లో, అభినయంలో శిక్షణ పొందినవారు. కందుకూరి వీరేశలింగం పంతులు వంటి సంస్కర్తలు పందొమ్మిదో శతాబ్దం చివర దీనిపై ఎత్తిన ధ్వజం, 1947లో మద్రాసు ప్రభుత్వం చేసిన దేవదాసీ నిషేధ చట్టంతో పూర్తయింది. ఆ సంస్కరణ అవసరాన్ని కాదనలేము; కాని మర్యాదస్తుల వినోదంగా కొత్తగా తలెత్తిన నాటకరంగం తన మర్యాదను నిలుపుకోవడానికి ఆడది లేని రంగస్థలాన్ని ఎంచుకున్నదనీ, ఆ ఖాళీని స్థానం నరసింహారావు వంటి మహానటులు స్త్రీ వేషాలతో నింపవలసి వచ్చిందనీ చరిత్రకారుడు చెప్పక తప్పదు. 1885లో కడప జిల్లాలో వనారస గోవిందరావు నెలకొల్పిన సురభి నాటక సమాజం మాత్రమే తన కుటుంబపు స్త్రీలనే వేదికనెక్కించి ఈ కట్టడిని లెక్కచేయలేదు.

రాత్రికి ధర కట్టే పద్ధతి ఆంధ్ర తీరానికి బయటి నుంచి వచ్చింది. 1880 ప్రాంతంలో ధార్వాడ నుంచి వచ్చిన నాటక సమాజం కోస్తా పట్టణాల్లో పాకలు వేసి, తెరలు కట్టి, టిక్కెట్టు పెట్టి హిందీ నాటకాలు ఆడింది. అదే కాలంలో రాజమహేంద్రవరంలో వీరేశలింగం తన విద్యార్థులతో తెలుగు నాటకాలు ఆడించారు. బందరులో నాదెళ్ల పురుషోత్తమ కవి హిందీ నాటకాలు రాసి ఆడించారు. 1892లో విజయనగరంలో గురజాడ కన్యాశుల్కం రంగమెక్కింది. ఈ సమాజాల్లో ఆడినవారిలో చాలామంది వకీళ్లు, బడిపంతుళ్లు, కచేరీ గుమాస్తాలు. దినమంతా కొలువులో ఉండేవారు, ఆదివారం సెలవు ఉన్నవారు నాటకం వేయాలంటే శనివారం రాత్రిని మించిన రాత్రి దొరకదు. ఆ విధంగా బ్రిటిషు కచేరీల సెలవు దినం నాటకాల తెరచాటు నుంచి తెలుగు రాత్రిలోకి అడుగుపెట్టింది.

బెజవాడ ఆ రోజుల్లో ఇంకా చిన్న ఊరే. 1855 నాటికి కృష్ణపై ఆనకట్ట పూర్తి కావడంతో డెల్టా మాగాణి పెరిగింది. 1880ల చివర నిజాం రాజ్యం నుంచి రైలుమార్గం వచ్చింది. 1888లో పురపాలక సంఘం ఏర్పడింది. 1893లో నదిపై రైలు వంతెన లేచింది. అయిదారు దిక్కుల నుంచి బండ్లు వచ్చి కలిసే స్టేషను ఊరికి దక్కడం వల్ల ఏలూరు, బందరు, గుడివాడ, తెనాలి, గుంటూరు నటులు బెజవాడలో దిగి, ఆడి, మరో బండెక్కి వెళ్లడం సులువైంది. మైలవరం జమీందారు పోషణలో ఉన్న బాలభారతీ నాటక సమాజం ఈ నగరంలోనే తన ప్రఖ్యాతిని సంపాదించుకుంది. యడవల్లి సూర్యనారాయణ వంటి నటుల పద్యాల కోసం జనం కృష్ణ దాటి వచ్చేవారు.

1920ల తరువాత బలపడిన కాంట్రాక్టు నాటకం ఈ రైలు కూడలి కన్నబిడ్డ. కాంట్రాక్టరు అంటే సమాజం లేని నాటక వ్యాపారి: హాలును అద్దెకు తీసుకుని, పేరున్న నటులను ఒక్కొక్కరినే వేర్వేరు ఊళ్ల నుంచి ఒక్క రాత్రికి పిలిపించి, తన పెట్టుబడితో నాటకం వేయించి లాభనష్టాలు భరించేవాడు. నటులు ఒకరితో ఒకరు రిహార్సలు చేసుకోకుండానే సాయంత్రపు బండి దిగి నేరుగా రంగు పూసుకునేవారు. తిరుపతి వేంకట కవుల పాండవ నాటకాలు అందరికీ కంఠస్థమే కనుక రిహార్సలు లేని లోటు పెద్దగా తెలిసేది కాదు. ఒకే రాత్రిలో రాయబారానికి ఒక కృష్ణుడు, యుద్ధానికి మరొక కృష్ణుడు వేదికనెక్కడం, ఏ కృష్ణుడి రాగాలాపన ఎక్కువసేపు నిలిచిందో పందెంగా చూడడం ప్రేక్షకులకు పరిపాటి. నచ్చిన పద్యానికి వన్స్‌మోర్ కొట్టడం, నటుడు పాత్రను పక్కనబెట్టి హార్మోనియం వైపు తిరిగి అదే పద్యాన్ని మరింత సాగదీసి పాడడం వల్ల తొమ్మిదింటికి మొదలైన నాటకం కోడికూతకు గాని ముగిసేది కాదు. నాటక విమర్శకులు ఈ పద్ధతిని తిట్టిపోశారు. నాటక కళ దృష్టితో వారి మాట నిజమే కావచ్చు. కాని రాత్రి వినోదపు చరిత్ర దృష్టితో చూస్తే, తెల్లవార్లూ సాగే జాతర లక్షణాన్నీ ముందుగా డబ్బు చెల్లించే పట్టణ లక్షణాన్నీ ఒకే పందిరి కింద కలిపి నడిపించిన ఘనత కాంట్రాక్టు నాటకానిదే. గుడివాడ వైపు స్త్రీ పాత్రలతో పేరు తెచ్చుకుంటున్న అక్కినేని నాగేశ్వరరావును నిర్మాత, దర్శకుడు ఘంటసాల బలరామయ్య చూసింది బెజవాడ రైల్వే స్టేషనులోనే. 1944లో వచ్చిన శ్రీ సీతారామ జననంలో ఆయన రాముడయ్యారు. ఆ స్టేషను అప్పటికి ఒక విధంగా ఆంధ్ర నాటకరంగానికి గ్రీన్‌రూముగా ఉండేది.

అప్పటికే బెజవాడ రాత్రిలోకి సినిమా వచ్చి ఇరవై ఏళ్లకు పైగా అయింది. రఘుపతి వెంకయ్య నాయుడు 1910 ప్రాంతంలో క్రోనోమెగాఫోను అనే యంత్రంతో, అంటే గ్రామఫోను పలకకు జతపరిచిన బొమ్మల యంత్రంతో, ఊరూరా చిన్న చిత్రాలు చూపించి, ఆ తరువాత మద్రాసులో సినిమా హాళ్లు కట్టించారు. బెజవాడలో పోతిన శ్రీనివాసరావు 1921లో ప్రారంభించిన మారుతి సినిమాను ఆంధ్ర ప్రాంతపు మొదటి శాశ్వత సినిమా హాలుగా చెప్పడం పరిపాటి. అదే ఏడాది మార్చి నెలాఖరున అఖిల భారత కాంగ్రెసు కమిటీ సమావేశం కోసం గాంధీజీ ఈ ఊరికి వచ్చారు; ఒక ఏడాదిలోనే ఊరికి రాజకీయ ఖ్యాతి, చలనచిత్ర ఖ్యాతి రెండూ దక్కాయి. నాటకాల కోసమే లేచిన దుర్గా కళామందిరం వంటి వేదికలు సైతం కాలక్రమంలో తెర కట్టుకున్నాయి.

మూకీ చిత్రాల కాలంలోనే వారం అనే కొలత స్పష్టంగా స్థిరపడింది. ఆ రోజుల్లో విదేశీ సీరియళ్లను, అంటే కథానాయిక కొండ అంచున వేలాడుతుండగా ఆగిపోయే ధారావాహిక చిత్రాలను, దక్షిణాది హాళ్లు కొన్ని రీళ్ల చొప్పున వారం వారం చూపేవి. తరువాతి భాగం చూడాలంటే తిథి చూసుకోనక్కరలేదు, వారం తిరిగితే చాలు. తెరపక్కన నిలబడి కథను తెలుగులో చెప్పే వ్యాఖ్యాత, పాటకు బదులు వాయించే హార్మోనియం, తబలా ఆ హాళ్లకు ప్రాణం. 1932 ఫిబ్రవరి 6న విడుదలైన భక్త ప్రహ్లాదతో తెలుగు తెర మాట్లాడడం మొదలుపెట్టాక వ్యాఖ్యాత కొలువు పోయింది. నాటక నటుల్లో పాడగలిగినవారు మద్రాసు బండెక్కారు.

టాకీల హాలు లోపలి అమరిక ఆనాటి సమాజపు కొలబద్ద. తెరకు ఆనుకుని నేల, దాని వెనుక బెంచీ, ఆపైన కుర్చీ, మేడ మీద బాల్కనీ అనే తరగతులు ఉండేవి. ఆడవారి నేలకు మగవారి నేలకు మధ్య అడ్డుగోడ లేదా తడిక ఉండేది. నేల టిక్కెట్టు అణాలలో దొరకడం వల్ల కూలి మనిషికీ ఆ రాత్రిలో చోటు దక్కింది. గుడి ముందు పందిట్లో ఎవరు ఎక్కడ కూర్చోవాలో కులం నిర్ణయించిన చోట, హాల్లో టిక్కెట్టు ధర నిర్ణయించింది. ఇది సమానత్వం కాదు. అయినా మార్పు చిన్నదేమీ కాదు.

పగలు జట్కా బండికి ఇరువైపులా రంగుల అట్టలు కట్టి, డప్పు లేదా బ్యాండు మోగిస్తూ, పల్చని రంగు కాగితాల కరపత్రాలు వెదజల్లుతూ వీధి వీధి తిరిగే ప్రచారమే ఆనాటి రాబోయే వినోదాల ప్రకటన. కరపత్రంలో చిత్రం పేరు, తారల పేర్లు, ఆట వేళలతో పాటు నేడే చూడండి, నేడే ఆఖరు, మరొక్క వారమే వంటి మాటలు పెద్ద అక్షరాల్లో ఉండేవి. పిల్లలు బండి వెంట పరుగెత్తి వాటిని ఏరుకునేవారు. సాయంత్రం కాగానే హాలు పైకప్పు మీది లౌడుస్పీకరులో భక్తి పాట వినిపిస్తే మొదటి ఆట దగ్గరపడినట్టు. ఘంటసాల పాడిన వేంకటేశ్వరుడి పాట మొదలైతే ఇక తలుపులు వేసేస్తారని ఊరంతటికీ తెలుసు. చుట్టుపక్కల పల్లెల్లో గుడారాలు వేసుకుని తాత్కాలిక లైసెన్సుతో ఆడే టూరింగు టాకీసులకూ ఇదే గడియారం.

రెండో ఆటది ప్రత్యేకమైన చరిత్ర. రాత్రి తొమ్మిదిన్నర, పది గంటలకు మొదలై అర్ధరాత్రి దాటాక ముగిసే సెకండు షోకు పొలం పని ముగించుకుని ఎడ్లబండ్లు కట్టుకుని వచ్చే రైతు కుటుంబాలు, కొట్టు కట్టేసిన వర్తకులు, మిల్లుల్లో పని దిగిన కార్మికులు వచ్చేవారు. ఆట వదిలాక బెజవాడలో నిద్రపోని చోటు స్టేషను పరిసరాలే. అక్కడి టీ కొట్ల వ్యాపారంలో సగం రైలు ప్రయాణికుల వల్ల, మిగతా సగం సినిమా ప్రేక్షకుల వల్ల సాగేది. తెలుగు పట్టణపు రాత్రి వినోదం మద్యం చుట్టూ కాక ఆట చుట్టూ అల్లుకోవడానికి ఒక చట్టపరమైన కారణమూ ఉంది. 1948లో మద్రాసు రాష్ట్రమంతటా అమలైన మద్యనిషేధం కోస్తా జిల్లాల్లో 1960ల చివరిదాకా కొనసాగింది. చాటుమాటు సారా లేదని కాదు గాని, హైదరాబాదు, సికింద్రాబాదులలో ఉన్నట్టు దీపాలు వెలిగించుకున్న మదిరాశాల బెజవాడ వీధిలో ఆ రెండు దశాబ్దాలూ ఉండే వీలు లేదు. ఆ తరం దృష్టిలో రాత్రి బయటికి వెళ్లడమంటే సినిమాకో, నాటకానికో, హరికథకో వెళ్లడమే.

వారాన్ని నిజంగా శాసించింది ప్రేక్షకుడు కాదు, బెజవాడ గాంధీనగరంలోని పంపిణీ కార్యాలయాలు. తెలుగు సినిమా వ్యాపారం నైజాం, సీడెడ్, ఆంధ్ర అని మూడు ప్రాంతాలుగా విడిపోయింది; నైజాం అంటే పాత హైదరాబాదు రాష్ట్రపు జిల్లాలు, సీడెడ్ అంటే 1800లో నిజాము ఈస్టిండియా కంపెనీకి వదులుకున్న రాయలసీమ జిల్లాలు, మిగిలింది ఆంధ్ర. రాజ్యాలు పోయినా వాటి సరిహద్దులు సినిమా లెక్కల పుస్తకాల్లో నిలిచిపోవడం విచిత్రమే. నవయుగ వంటి పంపిణీ సంస్థలు బెజవాడ నుంచే ఎదిగాయి. సినిమా పెట్టెలు, అంటే ఒక్కొక్కటి సుమారు పదకొండు నిమిషాలు నడిచే వెయ్యి అడుగుల రీళ్లను పేర్చిన రేకు పెట్టెలు, మద్రాసు నుంచి రైలులో ఇక్కడికి వచ్చి, ఇక్కడి నుంచి కోస్తా అంతటికీ పంపిణీ అయ్యేవి. ప్రింట్లు తక్కువైనప్పుడు ఒకే ప్రింటును రెండు హాళ్లు పంచుకునేవి. మొదటి హాల్లో అరగంట ముందు ఆట మొదలుపెట్టి, అయిపోయిన రీలును సైకిలు మీద రెండో హాలుకు చేరవేసే కుర్రవాడి కాళ్ల మీద ఆ రాత్రి వందలమంది ఆనందం ఆధారపడి ఉండేది.

ఆ కార్యాలయాల్లో వాడుకలో ఉన్న డీసీఆర్ అనే రోజువారీ వసూళ్ల పట్టికను దగ్గరగా చూస్తే వారం ఎలా తయారైందో తెలుస్తుంది. పట్టికలో ఆటకొక వరుస, తరగతికొక గడి ఉండేవి. ప్రతి తరగతికీ ఆట మొదట్లో టిక్కెట్టు పుస్తకంలోని తొలి సంఖ్య, ఆట మూసేటప్పటి చివరి సంఖ్య రాసి, తేడాను బట్టి అమ్మినవి ఎన్నో తేల్చి, మొత్తం వసూలులోంచి వినోదపు పన్ను తీసివేసి నికర మొత్తం వేసేవారు. ఈ పన్నుకు మూలం 1939 నాటి మద్రాసు వినోదపు పన్ను చట్టం. డిస్ట్రిబ్యూటరు తరఫున హాలులోనే కాపలా కాసే రిప్రజెంటేటివు ఆ పట్టికపై సంతకం చేసి పంపేవాడు. ఏడు పట్టికలు కలిస్తే ఒక వారం. హాలు యజమాని, డిస్ట్రిబ్యూటరు ముందే ఒప్పుకున్న కనీస వారపు వసూలును హోల్డోవర్ అంటారు. వసూలు దానికి తగ్గితే యజమాని చిత్రాన్ని తీసివేయవచ్చు, తగ్గకపోతే ఉంచి తీరాలి. వంద రోజుల పండగ మోజులో పడిన అభిమానులు చివరి వారాల్లో తామే టిక్కెట్లు కొని హోల్డోవర్ దాటించడం, పెద్ద హాలు నుంచి చిన్న హాలుకు చిత్రాన్ని మార్చే షిఫ్టింగు రోజులను కూడా కలిపి లెక్క చెప్పడం ఈ ఒప్పందం నుంచి పుట్టిన ముచ్చట్లే. ఊరు మాట్లాడుకునే వారం, ఆడుతుందా ఎత్తేస్తారా అని చర్చించుకునే వారం, ఈ లెక్కల వారమే.

అయితే ఆ వారం శుక్రవారంతోనే మొదలవ్వాలన్న నియమం తెలుగులో చాలాకాలం లేదు. ఇప్పటి పాఠకుడికి ఇది వింతగా తోచవచ్చు గాని, ప్రసిద్ధ చిత్రాల విడుదల తేదీలే సాక్ష్యం చెబుతాయి. పాతాళ భైరవి 1951 మార్చి 15న, గుండమ్మ కథ 1962 జూన్ 7న, అడవి రాముడు 1977 ఏప్రిల్ 28న వచ్చాయి. ఆ మూడూ గురువారాలు. 1955 జనవరి 12 నాటి మిస్సమ్మ, 1957 మార్చి 27 నాటి మాయాబజార్, 1974 మే 1 నాటి అల్లూరి సీతారామరాజు బుధవారం విడుదలలు. శంకరాభరణం 1980 ఫిబ్రవరి 2న శనివారం వచ్చింది. దేవదాసు, లవకుశ శుక్రవారాలే విడుదలైనా అది నియమం వల్ల జరిగిందనడానికి మిగిలిన తేదీలు ఒప్పుకోవు. వీటిలో మిస్సమ్మ సంక్రాంతి ముంగిట, అల్లూరి సీతారామరాజు మే డే నాడు వచ్చాయి. పండగనూ సెలవునూ చూసుకున్నాక గాని వారం మాట రాలేదన్నమాట. ముహూర్తానికి కొబ్బరికాయ కొట్టే పరిశ్రమ విడుదలకు పంచాంగం చూడకుండా ఉండదు. శుక్రవారం పట్టు బిగియడం దేశమంతటా ఒకేసారి విడుదలలు, శని ఆదివారాలు రెండూ సెలవైన ఉద్యోగులు, మల్టీప్లెక్సులు పెరిగిన తరువాతి సంగతి. అప్పటికీ సంక్రాంతికి మాత్రం ఏ వారమొచ్చినా సరే, ఆ మూడు నాలుగు రోజుల్లోనే పెద్ద చిత్రాలు పోటీ పడతాయి.

శివరాత్రి విషయంలో పంచాంగం ఏకంగా గెలిచింది. జాగారం చేసే భక్తుల కోసం హాళ్లు అర్ధరాత్రి ఆటలు, తెల్లవారుజాము ఆటలు వేయడం కోస్తా పట్టణాల్లో దశాబ్దాల ఆనవాయితీ. గుడి మండపంలో హరికథ విన్న తాత స్థానంలో మనవడు హాల్లో పాత పౌరాణికం చూశాడు. జాగారం మాత్రం చెడలేదు. కోటప్పకొండ తిరునాళ్లలో ఊరూరి నుంచి తరలివచ్చే ఎత్తైన ప్రభలకు విద్యుద్దీపాలు కట్టి, వాటి ముందు రాత్రంతా వినోద కార్యక్రమాలు పెట్టడమూ ఈ కోవలోనిదే. బెజవాడ దసరాకు ఇంద్రకీలాద్రి మీద అలంకారాలు, విజయదశమి సాయంత్రం కృష్ణలో తెప్పోత్సవం జరిగే రోజుల్లో నగరపు రాత్రి ఏ వారపు లెక్కకూ లొంగదు.

టిక్కెట్టు లేని వినోదం కూడా ఈ నగరంలో తక్కువేమీ కాదు. 1943లో రూపుదిద్దుకున్న ప్రజానాట్యమండలి బుర్రకథను ఎర్రజెండా కిందికి తెచ్చింది. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు రాసిన మాభూమి నాటకాన్ని మద్రాసు ప్రభుత్వం నిషేధించవలసి వచ్చేంతగా ఆ ప్రదర్శనలు జనాన్ని కదిలించాయి. 1929లో తెనాలిలో పుట్టిన ఆంధ్ర నాటక కళాపరిషత్తు, దాని బాటలో వెలసిన ఇతర పరిషత్తులు పోటీ నాటికల రాత్రులను అలవాటు చేశాయి. గాంధీనగరంలోని హనుమంతరాయ గ్రంథాలయం పగలు పుస్తకాలకూ సాయంత్రం వేదికకూ ఉపయోగపడింది. కళాశాలల వార్షికోత్సవాలకు కూడా ఊరివారు వచ్చేవారు. విశ్వనాథ సత్యనారాయణ బోధించిన కళాశాలలో నందమూరి తారక రామారావు మీసం తీయనని పట్టుబట్టి నాగమ్మ వేషం కట్టి మీసాల నాగమ్మ అనిపించుకున్న కథ ఆ వేదికలదే.

వారం ఇంట్లోకి రావడం రేడియోతో మొదలైంది. 1948 డిసెంబరు 1న ఆకాశవాణి విజయవాడ కేంద్రం ప్రసారాలు ప్రారంభించాక ఫలానా వారం ఫలానా గంటకు నాటకం, సంగీత కచేరీ అని శ్రోతలు కంఠస్థం చేశారు. కదలకుండా కూర్చున్న చోటనే వినోదానికి ఎదురుచూడడం నేర్చుకున్నారు. 1977లో హైదరాబాదులో మొదలైన దూరదర్శన్, 1980లలో రిలే కేంద్రాల ద్వారా కోస్తాకు చేరాక శుక్రవారం సాయంత్రం చిత్రలహరి వేళకు వీధులు ఖాళీ అయ్యాయి. 1987లో మొదలైన రామాయణం ఆదివారం ఉదయాన్ని స్వాధీనం చేసుకుంది. 1990లలో కేబులు వచ్చి రోజుకొక సినిమా చూపించడంతో హాళ్ల రెండో ఆట పలచబడింది, నేల తరగతి క్రమంగా కనుమరుగైంది.

ఇన్ని మార్పుల మధ్య నగరపు రాత్రికి దినచర్యగా నిలిచింది పత్రికల్లోని చిన్న శీర్షిక. 1960లో ఆంధ్రజ్యోతి విజయవాడ నుంచే పుట్టింది. 1989లో ఈనాడు జిల్లా అనుబంధాలు తెచ్చాక స్థానిక కార్యక్రమాలకు కావలసినంత చోటు దొరికింది. ఏ హాల్లో ఏ చిత్రం, ఎన్ని ఆటలు, ఏ కల్యాణ మండపంలో ఎవరి ప్రవచనం, ఏ సభలో ఎవరి కూచిపూడి ప్రదర్శన అనే సంగతులను ఒకటి రెండు పంక్తుల్లో చెప్పే ఆ శీర్షికలో కోట్లు పెట్టి తీసిన సినిమాకూ, ఉచిత ప్రవేశమున్న హరికథకూ దాదాపు ఒకే కొలత జాగా దక్కేది. ఆ సమాన మర్యాద ఫోనులో టిక్కెట్టు కొనే ఈ రోజుల్లో లేదు. డబ్బు చెల్లించి ప్రచారం చేసుకునే వినోదమే ఫోను తెరపై ముందు కనిపిస్తుంది, మిగిలినది వెతికినవారికే దొరుకుతుంది.

పెద్ద గ్రంథాలు ఈ చరిత్రను నటుల జీవితాలుగా, చిత్రాల జాబితాలుగా రాశాయి గాని, రాత్రిని నడిపించిన కాగితాలను పట్టించుకోలేదు. 2017లో జీఎస్టీ వచ్చి రాష్ట్రాల పాత వినోదపు పన్ను పోయింది. ఫిలిం రీళ్లు పోయి డిజిటల్ ప్రదర్శన వచ్చింది. కంప్యూటరు టిక్కెట్ల వల్ల కౌంటరుఫాయిళ్లు పోయాయి. జట్కా కరపత్రాలు, టిక్కెట్టు పుస్తకాల అర చెక్కలు, డీసీఆర్ పట్టికలు, కాంట్రాక్టు నాటకాల ఒప్పంద పత్రాలు ఇంకా మిగిలి ఉంటే పాత హాళ్ల యజమానుల ఇళ్లలో, గాంధీనగరం కార్యాలయాల అటకల మీద, నటుల కుటుంబాల పెట్టెల్లో మిగిలి ఉండాలి. వాటిని తూకానికి అమ్మేయకుండా, ఏ ఊరివారు ఆ ఊరి గ్రంథాలయానికి, తేదీ, హాలు పేరు వెనుక రాసి అప్పగిస్తే, రాబోయే పరిశోధకుడికి అంతకు మించిన ఆధారం అక్కరలేదు.